రూ.1,20,000లో 8×5 బాత్‌రూమ్: ఒంగోలు ఇంటి పని డైరీ

ఒంగోలులో ఒక డాబా ఇల్లు, పై అంతస్తు బాత్‌రూమ్. పొడవు 8 అడుగులు, వెడల్పు 5. వాడేది ఐదుగురు, అందులో ఒకరు మోకాళ్ళ నొప్పులున్న పెద్దావిడ, ఒకరు బడికెళ్ళే పిల్లవాడు. ఇండియన్ పాన్ తీసి కమోడ్ పెట్టడం, కింద వంటింటి స్లాబులోకి దిగుతున్న చెమ్మ ఆపడం, నేల జారకుండా చేయడం. పని ఈ మూడే. అనుకోని ఖర్చులకి రూ.12,000 ముందే పక్కన పెట్టేసి, మిగతా రూ.1,08,000కి లెక్క వేశాం.

తగ్గించుకున్నదంతా కంటికి కనపడే వాటి మీదే. టైలు వెనక్కీ నేల కిందికీ పోయే సామాను మీద ఒక్క రూపాయి తగ్గించలేదు. కుళాయి నచ్చకపోతే వచ్చే ఏడాది రెంచితో విప్పి మార్చుకోవచ్చు. నహానీ ట్రాప్ (నేల మీది నీళ్ళు దిగే జాలీ కింద, వాసన పైకి రాకుండా ఆపే గిన్నె) పనికిరాకపోతే మాత్రం నేలంతా పగలగొట్టాలి.

ధరలు ఈ పనికి పడ్డ బిల్లులవి. మీ ఊళ్ళో ఇంకోలా ఉండొచ్చు. కొలతలూ పరిమాణాలూ మారవు.

దశ 1: కొలతలు

షాపుకి వెళ్ళే ముందు కాగితం మీదికి ఎక్కాల్సినవి:

1. పొడవు, వెడల్పు ఒక్కోటి మూడు చోట్ల: నేల దగ్గర, 3 అడుగుల ఎత్తులో, 6 అడుగుల ఎత్తులో.
2. మూల నుంచి మూలకి రెండు కొలతలు. 8×5 గదికి రెండూ 9 అడుగుల 5¼ అంగుళాలు రావాలి. ఇక్కడ ఒకటి 9 అ. 5½ అం., రెండోది 9 అ. 4¼ అం. అంటే గది మూల తప్పింది. నేల టైలు ఒక వరసలో కోసుగా కోయక తప్పదు, ఆ వరస తలుపు వెనక్కి వచ్చేలా ముందే గీసుకున్నాం.
3. గోడ నిలువు, తూకం గుండుతో. షవరు గోడ 7 అడుగుల్లో 18 మి.మీ. లోపలికి వాలింది.
4. మిద్దె మీది ట్యాంకు అడుగు నుంచి షవరు పాయింటు దాకా ఎత్తు: 6 అడుగులు.
5. నీళ్ళ టీడీఎస్ (లీటరు నీళ్ళలో కరిగిన లవణాలు, మిల్లీగ్రాముల్లో): బోరు 1,850, మున్సిపల్ 310.

ఆఖరి రెండు కొలతలతోనే ప్లాను సగం మారిపోయింది.

ఆరడుగుల ఎత్తు అంటే 1.8 మీటర్లు, ఒత్తిడి 0.18 బార్. మిక్సర్లు చాలావాటికి అట్ట మీద కనీసం 0.5 బార్ అని రాసి ఉంటుంది. అనుకున్న 8 అంగుళాల రెయిన్ షవరు ఈ ఒత్తిడికి చుక్కలు చుక్కలుగా కారుతుంది. దాన్ని కొట్టేసి 4 అంగుళాల షవరు, దాని దాకా ¾ అంగుళం లైను రాసుకున్నాం. ప్రెషర్ పంపు పెట్టొచ్చు గానీ అది వేరే ఖర్చు, కరెంటు పోతే స్నానం ఆగిపోతుంది.

బోరు నీళ్ళు ఇంత ఉప్పగా ఉంటే గీజరు కాయిలు మీద తెల్లటి పెచ్చు కడుతుంది, గోడ లోపల దాచే డైవర్టర్ (నీళ్ళని షవరుకో కుళాయికో మళ్ళించేది) కాట్రిడ్జి పట్టేస్తుంది. అందుకే లైన్లు రెండు చేశాం. బోరు ట్యాంకు నీళ్ళు ఫ్లష్‌కీ హెల్త్ ఫాసెట్‌కీ మాత్రమే. సాగర్ నీళ్ళు వచ్చే మున్సిపల్ ట్యాంకు నుంచి షవరు, గీజరు, వాష్ బేసిన్. ఈ ఇంటికి మిద్దె మీద రెండు ట్యాంకులు ఎటూ ఉన్నాయి కనుక అదనంగా పడింది కొంచెం పైపూ ఒక బాల్ వాల్వూ.

దాచిపెట్టే డైవర్టర్ మానేసి గోడ పైకి కనపడే వాల్ మిక్సర్ తీసుకున్నాం. అందం ఒక మెట్టు తక్కువే. కానీ ఎప్పుడు చెడినా టైలు ముట్టుకోకుండా మార్చుకోవచ్చు, బకెట్టు నింపుకోవడానికి కింద ముక్కు కూడా ఉంటుంది. చెంబుతో పోసుకునే ఇంట్లో ఆ ముక్కు లేకపోతే మళ్ళీ ఒక కుళాయి కొనాల్సిందే.

టైళ్ళ లెక్క:
- గోడలు: చుట్టుకొలత 26 అడుగులు × ఎత్తు 7 = 182 చ.అ. తలుపు 17.5, వెంటిలేటర్ 3 తీసేస్తే 161.5. పది శాతం తరుగు కలిపితే 178. 300×450 మి.మీ. టైలు పెట్టెకి 6, అంటే 8.72 చ.అ. కావలసినవి 21 పెట్టెలు.
- నేల: 40 చ.అ. + తరుగు = 44. 300×300 మి.మీ. యాంటీ స్కిడ్ టైలు పెట్టెకి 10, అంటే 9.69 చ.అ. కావలసినవి 5 పెట్టెలు.

అన్ని పెట్టెల మీదా షేడ్ నంబరు, బ్యాచ్ నంబరు ఒకటేనా అని షాపులోనే చూసుకోవాలి. విప్పని పెట్టె వెనక్కి తీసుకుంటామని బిల్లు మీద రాయించుకోవాలి. రంగు విషయంలో ఒకటే మాట: ఉప్పు నీళ్ళ ఊళ్ళో నల్లటి గ్లాసీ టైలు వద్దు. ఆరిన ప్రతి చుక్కా తెల్లగా కనపడుతుంది. లేత బూడిద రంగు మ్యాట్ తీసుకున్నాం.

దశ 2: పగలగొట్టడం

1. ముందు మెయిన్ వాల్వు కట్టేసి గీజరు విప్పాలి. ఆ గది కరెంటు లైను ఎంసీబీ దగ్గరే తీసేయాలి.
2. డ్రైను మూతులన్నిటికీ గోనె గుడ్డ కూరి పైన టేపు వేయాలి. ఒక్క ఇటుక ముక్క 4 అంగుళాల పైపు వంపులో పడితే దాన్ని తీయడానికే ప్లంబర్ని పిలవాలి.
3. గోడ టైళ్ళు పై నుంచి కిందికి, ఉలీ సుత్తీతో. పై అంతస్తు కనుక పెద్ద బ్రేకర్ వాడనివ్వలేదు. ఆ అదురుకి స్లాబులో కొత్త పగుళ్ళు వస్తాయి.
4. నేల టైళ్ళు, గచ్చు, దాని కింద సంకన్ గుంటలో (పైపుల కోసం స్లాబుని లోతుగా దించి వదిలిన చోటు) పోసిన ఇటుక ముక్కలు.

గుంట లోతు 9 అంగుళాలు, అంటే 30 ఘనపుటడుగుల ఇటుక ముక్క. పై పొర పొడిగానే ఉంది. నాలుగు అంగుళాలు దిగాక చేత్తో పిండితే నీళ్ళు కారాయి. ఇటుక నీళ్ళు తాగి పెట్టుకుంటుంది, గుంటకి బయటికి దారి లేదు, పోసిన నీళ్ళన్నీ అక్కడే ఏళ్ళ తరబడి నిలిచి స్లాబులోకి దిగాయి. కింద వంటింట్లో ఎన్నిసార్లు పుట్టీ పెట్టి రంగేసినా పెచ్చు ఊడిపోవడానికి కారణం ఇదే. గుంట అడుగున ఒక మూల స్లాబు కమ్మి తుప్పు పట్టి కనపడింది. వైర్ బ్రష్‌తో రుద్ది, తుప్పు మందు పూసి, పాలిమర్ కలిపిన మాలుతో మూశాం.

కూలి రూ.6,000, మట్టి ఎత్తిన ట్రాక్టరు రూ.2,400, కటింగ్ బ్లేడ్లు రూ.600.
ఇప్పటిదాకా: రూ.9,000

దశ 3: పైపులు

చల్ల నీళ్ళకీ వేడి నీళ్ళకీ సీపీవీసీయే (వేడి తట్టుకునే ప్లాస్టిక్ పైపు). మెయిన్ ¾, ఒక్కో పాయింటుకి ½, షవరు మిక్సర్‌కి మాత్రం ¾ లైను దాని దాకా. మురుగుకి 110 మి.మీ., వాడకం నీళ్ళకి 75 మి.మీ.

పూర్తయిన నేల నుంచి ఎత్తులు:
- వాల్ మిక్సర్ 36 అంగుళాలు, రెండు పాయింట్ల మధ్య సరిగ్గా 150 మి.మీ.
- షవరు 6 అ. 9 అం.
- బేసిన్ పై అంచు 32, దాని యాంగిల్ కాక్ 21
- ఫ్లష్ ట్యాంకు యాంగిల్ కాక్ 9, హెల్త్ ఫాసెట్ 20

కమోడ్ రంధ్రం దగ్గర ఎక్కువ మంది దెబ్బతింటారు. ఎస్ ట్రాప్ (మురుగు నేలలోకి దిగే రకం) 220 మి.మీ. అని రాసి ఉంటే ఆ కొలత టైలు వేసిన గోడ నుంచి, రంధ్రం మధ్యకి. ఉత్త ఇటుక గోడ నుంచి కొలిచేటప్పుడు పూత 12, అంటించే మందు 5, టైలు 8 కలపాలి. మొత్తం 245. అలా కలపకుండా 220కే పైపు పెడితే ఫ్లష్ ట్యాంకు గోడకి గుద్దుకుంటుంది, కమోడ్ కూర్చోదు. పక్క గోడ నుంచి కమోడ్ మధ్యకి కనీసం 15 అంగుళాలు. కమోడ్ గోడ నుంచి 27 అంగుళాలు ముందుకి వస్తుంది, 60 అంగుళాల వెడల్పులో ఎదుట 33 మిగిలింది. పెద్దావిడ లేచి తిరగడానికి చాలు.

నహానీ ట్రాప్ కొనేటప్పుడు స్కేలు లోపల పెట్టి చూడండి. నీళ్ళ సీలు, అంటే వాసనని ఆపుతూ లోపల నిలిచే నీళ్ళ లోతు, 50 మి.మీ. ఉండాలి. లోతు తక్కువ ట్రాపులు చవకే, కానీ ఎండాకాలం కొన్నాళ్ళు తలుపేసి ఊరెళితే నీళ్ళు ఆవిరై ఇల్లంతా వాసన.

సంకన్ గుంట అడుగున, అన్నిటికంటే పల్లపు మూలలో, 1 అంగుళం పైపు ఒకటి బయటి గోడ దాకా పెట్టాం. ఎప్పుడైనా నీళ్ళు దిగితే స్లాబులోకి కాకుండా బయటికి పోతాయి, బయట గోడ మీద కారుతుంటే మనకీ తెలుస్తుంది. దీనికైన ఖర్చు మూడు వందల లోపు. పాత బాత్‌రూమ్‌లో లేనిది ఇదే.

ఒత్తిడి పరీక్ష: పాయింట్లన్నిటికీ డమ్మీ ప్లగ్గులు బిగించి, చేతి పంపుతో ఒత్తిడి చదరపు సెం.మీ.కి 6 కిలోలకి ఎక్కించి రెండు గంటలు వదిలేశాం. ముల్లు 5.2కి దిగింది. గోడ గాడిలో ఒక ఎల్బో దగ్గర తడి. సొల్యూషన్ పూసి పైపు దూర్చాక పావు మలుపు తిప్పి కదలకుండా పట్టుకోవాలి; ఇక్కడ అతుకు ఆరకముందే గాడిలోకి వంచి తోశారు. సీపీవీసీ అతుకు మీద పైన పూసి ఆపడం కుదరదు. రెండు వైపులా కోసి కొత్త ఎల్బో, రెండు కప్లింగులు వేసి మళ్ళీ ఎక్కిస్తే 6 దగ్గరే నిలబడింది. గాడులు మూయడం ఆ తర్వాతే. మూసే ముందు ప్రతి గోడకీ టేపు పక్కన పెట్టి ఫోటోలు తీయండి. పట్టుకుని లేచే హ్యాండిల్ రాడ్లకి రంధ్రాలు వేసే రోజున పైపు ఎక్కడుందో చెప్పేవి అవే.

పైపులు, ఫిట్టింగులు రూ.11,800, డ్రైను సామాను రూ.2,700, ప్లంబరు రూ.8,500.
ఇప్పటిదాకా: రూ.32,000

దశ 4: వాటర్‌ప్రూఫింగ్

రెండు భాగాలు కలిపే సిమెంటు పాలిమర్ కోటింగ్. గుంట అడుగు 40 చ.అ., చుట్టూ గుంట గోడ, దాని పైన 1 అడుగు కలిపి 45, షవరు మూల గోడలు ఆరడుగుల దాకా 40. మొత్తం 125 చ.అ. తర్వాత పై గచ్చు మీద మరోసారి 40. అంతా కలిపి 15.3 చదరపు మీటర్లు, రెండు కోట్లకి చదరపు మీటరుకి 1.8 కిలోలు, అంటే 28 కిలోలు. 15 కిలోల ప్యాకులు రెండు.

1. వైర్ బ్రష్, తర్వాత బ్లోయర్. దుమ్ము మీద ఏ మందూ అంటదు.
2. గోడా నేలా కలిసే మూలల్లో 1:3 మాలుతో 2 అంగుళాల గుండ్రటి వంపు. పదునైన మూలలోనే కోటింగ్ మొదట చిట్లుతుంది.
3. నేల తడిపి, నీళ్ళు నిలవకుండా తుడిచి, మొదటి కోటు అడ్డంగా.
4. ఆరాక రెండో కోటు నిలువుగా. మూలల్లో రెండు కోట్ల మధ్య ఫైబర్ మెష్.
5. మూడు రోజులు ఆరనిచ్చి 2 అంగుళాల నీళ్ళు, 48 గంటలు.

నీళ్ళ పరీక్షకి పక్కనే ఒక బకెట్టులో కూడా నీళ్ళు పోసి రెండింటికీ మార్కర్ గీత పెట్టాం. ఒంగోలు ఎండకి ఆవిరయ్యేది ఎంతో బకెట్టు చెబుతుంది. 48 గంటలకి బకెట్టులో 3 మి.మీ. దిగింది, గుంటలో 11. తేడా 8 మి.మీ., 40 చదరపుటడుగులకి దాదాపు 30 లీటర్లు. చూడ్డానికి కోటింగ్ ఎక్కడా గీత లేకుండా నున్నగా ఉంది!

దొరికింది 110 మి.మీ. పైపు స్లాబులోంచి దిగేచోట. పైపు చుట్టూ ఉన్న సందుని మామూలు మాలుతో నింపారు. మామూలు మాలు ఆరితే ముడుచుకుంటుంది, నున్నటి పీవీసీని పట్టుకోదు, కోటింగ్ ఆ సన్నటి సందు మీద సాగలేక చిట్లింది. చుట్టూ 1 అంగుళం లోతు గాడి కొట్టి, పైపుని ఎమరీ కాగితంతో గరుకు చేసి, ముడుచుకోని గ్రౌట్ పోసి, మెష్ కాలరు వేసి మళ్ళీ రెండు కోట్లు. ఈసారి రెండింట్లోనూ 3 మి.మీ.

మీ మేస్త్రి "నిన్న పోశాం, ఎక్కడికీ పోలేదు" అంటే నమ్మకండి. గీత, బకెట్టు, 48 గంటలు.

మందు రూ.3,600, గ్రౌట్, మెష్, బ్రష్‌లు రూ.1,150, కూలి రూ.3,250.
ఇప్పటిదాకా: రూ.40,000

దశ 5: నింపడం, పూత, వాటం

గుంటలో మళ్ళీ ఇటుక ముక్క పోయలేదు. 22 ఘనపుటడుగులకి ఇటుక ముక్క కాంక్రీటు టన్ను పైనే తూగుతుంది, ఏఏసీ బ్లాకు (లోపల గాలి బుడగలుండే తేలిక సిమెంటు ఇటుక) ముక్కలైతే 400 కిలోలు. పాత స్లాబు మీద ఆ బరువు తగ్గడం మంచిదే. ఏఏసీ కూడా నీళ్ళు పీలుస్తుంది కనుకే పై గచ్చు మీద రెండోసారి కోటింగ్.

ఇసుక విషయం. సముద్రం దగ్గరి ఊళ్ళ ఇసుక చవకగా ఇస్తామన్నా తీసుకోవద్దు, అందులో ఉప్పు గోడ మీద తెల్లగా పూస్తుంది, ఇనుముని తినేస్తుంది. ఏటి ఇసుకనైనా సీసాలో పోసి, నీళ్ళు కలిపి కుదిపి, మూడు గంటలు వదిలేయండి. పైన తేరిన ఒండ్రు 8 శాతం దాటితే వెనక్కి పంపండి. మాలు కలపడానికి మున్సిపల్ నీళ్ళే వాడాం.

వాలిన షవరు గోడని టైలు మందుతో సరిచేయకూడదు. ముందు పూతతోనే నిలువుకి తెచ్చాం, ఒక కొసన 12, ఇంకో కొసన 30 మి.మీ. మందం, రెండు విడతల్లో.

వాటం (నీళ్ళు జారే వాలు): తలుపు నుంచి 5 అడుగులు 1:80 చొప్పున 19 మి.మీ., షవరు భాగం 3 అడుగులు 1:60 చొప్పున 15. మొత్తం 34 మి.మీ. దిగుడు. షవరుకీ మిగతా నేలకీ మధ్య 2 అంగుళాల గట్టు ప్లానులో ఉండేది, తీసేశాం. పెద్దావిడ కాలు తగలడానికి రోజూ ఒక అడ్డం కట్టినట్టే అది.

ఏఏసీ రూ.2,000, సిమెంటు 8 బస్తాలు రూ.3,040, ఇసుక రూ.2,460, కూలి రూ.4,500.
ఇప్పటిదాకా: రూ.52,000

దశ 6: టైళ్ళు

గోడ టైలు రెండో వరస నుంచి మొదలుపెట్టాలి. రసమట్టంతో గీత కొట్టి అల్యూమినియం బద్ద బిగించి దాని మీద ఎక్కించాలి. నేలకి వాటం ఉంటుంది కనుక అడుగు వరస ఆఖర్న, ఒక్కోటి కొలిచి కోసి పెట్టేది.

ఎక్కించిన మర్నాడు రూపాయి బిళ్ళతో ఒక్కో టైలు కొట్టి చూస్తే కమోడ్ గోడ మీద తొమ్మిది డొల్లగా మోగాయి. మందు ఐదు ఉండలుగా పెట్టి నొక్కిన టైళ్ళవి. ఉండల మధ్య గాలి, ఆ గాలిలోకి నీళ్ళు. పైగా ఎండ వేళ బస్తా మొత్తం ఒకేసారి కలిపారు, గమేళాలో ఆఖరి భాగం అప్పటికే పొర కట్టింది. తొమ్మిదీ పీకించి, 6 మి.మీ. పళ్ళ తాపీతో గోడంతా దువ్వి, టైలు వెనక కూడా పలచగా పూసి మళ్ళీ పెట్టించాం. అక్కడి నుంచి అర బస్తాకి మించి కలపనివ్వలేదు. 20 కిలోల బస్తా 36 చ.అ. పైన వచ్చింది, ఆరు బస్తాలు పట్టాయి.

నేల టైళ్ళు వేశాక చెంబెడు నీళ్ళు పోస్తే కమోడ్ చోట 3 మి.మీ. మడుగు నిలిచింది. కమోడ్ సమంగా కూర్చోవాలని ఆ ఆరు టైళ్ళు మట్టంగా పెట్టడమే కారణం. మందు గట్టిపడకముందే లేపి వాటానికి దించారు. కమోడ్‌ని సమం చేయడం నేల పని కాదు: అడుగున పలచటి ప్లాస్టిక్ ముక్కలు పెట్టి, చుట్టూ సిలికాన్ కొట్టాలి. ఈ చెంబు పరీక్ష గచ్చు మీద, టైలు వేయకముందే ఒకసారి చేస్తే పీకే పని ఉండదు.

సందులకి ఎపాక్సీ గ్రౌట్ నేలకీ షవరు మూలకీ మాత్రమే, 3 కిలోలు. మిగతా గోడలకి మామూలు గ్రౌట్.

గడపకీ సబ్బుల గూటికీ చీమకుర్తి గెలాక్సీ గ్రానైటు తునకలు. కర్నూలు రోడ్డు వెంట పాలిష్ ఫ్యాక్టరీల దగ్గర కోతలో మిగిలిన పట్టీలు పలక ధరలో సగానికే దొరుకుతాయి. అంచు గుండ్రం చేయించి, అడుగున నీళ్ళు జారే సన్న గాడి కొట్టించుకోండి. నేలకి మాత్రం పాలిష్ గ్రానైటు వద్దే వద్దు, సబ్బు పడితే కాలు నిలవదు. మార్కాపురం పలక రాయి కూడా అడిగి చూశాం. గోడకి బాగుంటుంది. పొరలు లేచే రాయి కనుక రోజూ తడిసే నేలకి తీసుకోలేదు.

గోడ టైళ్ళు రూ.8,400, నేలవి రూ.2,250, మందు రూ.2,550, ఎపాక్సీ రూ.1,500, గ్రౌట్, స్పేసర్లు రూ.400, గ్రానైటు రూ.1,400, కూలి 202 చ.అ. × రూ.40 = రూ.8,080.
ఇప్పటిదాకా: రూ.76,580

దశ 7: బిగింపులు, కరెంటు

కమోడ్ రూ.8,900, బేసిన్ రూ.1,900, వాల్ మిక్సర్ రూ.3,600, షవరు రూ.900, యాంగిల్ కాక్‌లు నాలుగు రూ.1,400, హెల్త్ ఫాసెట్ రూ.750, పిల్లర్ కాక్ రూ.950, బాటిల్ ట్రాప్ సెట్టు రూ.700, స్టీలు హ్యాండిల్ రాడ్లు రెండు రూ.1,700.
ఇప్పటిదాకా: రూ.97,380

షవరుకి రంధ్రాల చోట రబ్బరు ముక్కులున్నది తీసుకోండి, బొటనవేలితో రుద్దితే ఉప్పు రాలిపోతుంది. హ్యాండిల్ రాడ్లు ఒకటి కమోడ్ పక్కన 30 అంగుళాల ఎత్తులో, ఒకటి షవరు దగ్గర 36లో. టైలు మీద టైలు డ్రిల్ బిట్టుతో, హ్యామర్ ఆపేసి; లోపల ఇటుకలోకి కనీసం 2 అంగుళాలు పోయే స్టీలు యాంకర్లతో. ప్లాస్టిక్ గట్టాల మీద మనిషి బరువు వేయకూడదు.

పాత 15 లీటర్ల గీజరే వాడాం. విప్పితే మెగ్నీషియం కడ్డీ అరిగి తీగ మిగిలింది, కాయిలు చుట్టూ వేలు మందం పెచ్చు. కడ్డీ మార్చి పెచ్చు తీయడానికి రూ.900. 2,000 వాట్లంటే 8.7 ఆంపియర్లు, 2.5 చదరపు మి.మీ. వైరు, 16 ఆంపియర్ల ఎంసీబీ. స్విచ్చి బాత్‌రూమ్ బయట. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే లైను తెంచే స్విచ్చి), సరైన ఎర్తింగ్ లేకుండా గీజరు ఆన్ చేయకండి. ఆర్‌సీసీబీ మీద టెస్ట్ బటన్ నెలకోసారి నొక్కాలి.

వైరు, ఆర్‌సీసీబీ, లైటు, ఎగ్జాస్ట్ ఫ్యాను, కూలి రూ.6,800. పీవీసీ తలుపు రూ.5,200.
ఇప్పటిదాకా: రూ.1,10,280

పక్కన పెట్టిన దాంట్లోంచి కరిగింది రూ.2,280: పైపు చుట్టూ మళ్ళీ చేసిన పని, గీజరు కడ్డీ, రెండో ట్యాంకు లైను.

మిగిలిన పని

షవరు కింద 20 లీటర్ల బకెట్టు 3 నిమిషాల 10 సెకన్లకి నిండుతోంది, నిమిషానికి 6 లీటర్ల పైచిలుకు. చాలు.

వెంటిలేటర్ చట్రం కింది గ్రానైటు పట్టీ బయటికి వాలేలా మార్చాలి. తుపాను వాన తూర్పు నుంచి అడ్డంగా కొడితే ఇప్పుడున్న పట్టీ మీద నీళ్ళు లోపలికే వస్తాయి.

వంటింటి స్లాబు కింద చెమ్మ మరక చుట్టూ పెన్సిల్‌తో గీసి తేదీ వేశాం. స్లాబు తాగిన నీళ్ళు ఆరడానికి నెలలు పడుతుంది, ఇప్పుడే పుట్టీ పెడితే మళ్ళీ పెచ్చులే. అక్టోబరు, నవంబరు వానలు అయ్యాక మరక ఆ గీత లోపలే ఉండి, గోరుతో గీకితే పొడి రాలితే, అప్పుడు మిగిలిన రూ.9,720లోంచి కింద పూత, రంగు.